పూటకూటి ఇంట పేరు అడగడం

ఢిల్లీ నుంచి రోడ్డు మార్గాన హరిద్వారం వెళ్లే యాత్రికుడు గంగను చూడకముందే బెల్లాన్ని చూస్తాడు. మీరట్ దాటినది మొదలు ముజఫర్‌నగర్ జిల్లా పొడుగునా దారికి ఇరువైపులా చెరకు తోటలే. చలికాలంలోనైతే గానుగల పక్కన పెనాలలో కాగుతున్న రసం వాసన బస్సు కిటికీల్లోంచి లోపలికి వస్తుంది. దేశంలోని పెద్ద బెల్లం మార్కెట్లలో ముజఫర్‌నగర్ ఒకటి. అనకాపల్లి వారికి ఈ సంగతి విడమరచి చెప్పనవసరం లేదు. మీరట్‌లో నువ్వులూ బెల్లమూ కలిపి దంచి పలకలుగా పరచే గజక్, ఖతౌలీ పరిసరాల ఢాబాలలో నులకమంచాల మీద కూర్చోబెట్టి వడ్డించే మినప్పప్పు, నిప్పుల మీంచి దిగిన తందూరీ రొట్టె, దానిమీద కరుగుతున్న వెన్నముద్ద, తీరా హరిద్వారం చేరాక ఆకుదొన్నెలో పూరీ, పులుసుగా వండిన బంగాళాదుంప కూర - ఇవి ఆ దారి రుచులు. వీటికి ప్రకటనలు లేవు. లారీ డ్రైవర్లు ఎక్కడ ఆగితే అక్కడ కూరలు బాగుంటాయన్న ఒక్క సూత్రం తప్ప వేరే మార్గదర్శినీ లేదు.

మన తెలుగు యాత్రికులలో పెక్కుమంది వీటినేవీ రుచి చూడకుండానే బదరీనాథ్ దాకా వెళ్లి వస్తారు. యాత్రాస్పెషల్ బస్సు వెనుక గ్యాసు పొయ్యిలు, బియ్యం బస్తాలు, పచ్చళ్ల జాడీలు, ఇద్దరు ముగ్గురు వంటవాళ్లు. రూర్కీ చేరినా సాంబారే, రిషీకేశ్ చేరినా సాంబారే. ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే 18న చెన్నపట్నం నుంచి కాశీకి బయలుదేరినప్పుడు పరివారాన్ని వెంట తీసుకువెళ్లాడంటే అందుకు కారణముంది: అప్పటికి దారిలో హోటళ్లు లేవు, ఆచారం బలంగా ఉంది. అయినప్పటికీ పదిహేను నెలల ఆ ప్రయాణంలో ఏ మజిలీలో ఏ వస్తువు దొరుకుతుందో ఓపికగా రాసుకుంటూ పోయినవాడాయన. నేటి యాత్రికుడికి ఆ పాటి కుతూహలం కూడా లేకపోవడం విచారకరమే. కాని ఇది ఎవరి ఇష్టం వారిది. నియమమున్న వారిని, వైద్యుడు పథ్యం చెప్పిన వారిని ఎవరూ తప్పుపట్టరు. దీనివల్ల ఎవరి పొట్టా కొట్టినట్లు కాదు.

2024 జూలైలో ఇదే దారి మీద జరిగిన వ్యవహారం అటువంటిది కాదు.

ఉత్తరాదివారు కాఁవడ్ అనేది మన కావడే. శ్రావణమాసంలో లక్షలాది భక్తులు, ముఖ్యంగా యువకులు, హరిద్వారంలో గంగాజలం ముంచుకొని, కావళ్లు భుజాన వేసుకొని, కాలినడకన తమ ఊళ్ల శివాలయాలకు తిరిగి వస్తారు. (వారి మాసం పూర్ణిమతో ముగుస్తుంది గనుక వారి శ్రావణం మన ఆషాఢ బహుళంలోనే మొదలవుతుంది.) ఆ ఏడు యాత్రకు ముందు, దారిలోని హోటళ్లు, ఢాబాలు, పండ్ల బండ్ల యజమానులు తమ పేర్లను అందరికీ కనిపించేటట్లు రాసిపెట్టాలని ముజఫర్‌నగర్ పోలీసులు ఆదేశించారు. యాత్రికులకు ఎటువంటి అయోమయమూ కలగకుండా ఉండేందుకట. కొద్ది రోజులకే ఉత్తరప్రదేశ్ ప్రభుత్వం దానిని రాష్ట్రంలోని యాత్రామార్గమంతటికీ విస్తరింపజేసింది. ఉత్తరాఖండ్‌లో హరిద్వారం పోలీసులూ అదే బాట పట్టారు. దుకాణం పేరు చాలదు, యజమాని పేరు కావాలి. యజమాని పేరు చాలదు, పనివాళ్ల పేర్లూ కావాలి. మామిడిపండ్ల బండివాడు తన పేరు అట్టముక్క మీద రాసి బండికి వేలాడదీసిన ఛాయాచిత్రాలు ఆ వారం పత్రికలన్నిటా వచ్చాయి. మామిడిపండుకు శాకాహారమేమిటి, మాంసాహారమేమిటి అన్న ప్రశ్నకు మాత్రం ఏ అధికారీ జవాబు చెప్పలేదు.

యాత్ర మొదలైన జూలై 22వ తేదీనాడే సుప్రీంకోర్టు ఈ ఆదేశాల అమలును నిలిపివేసింది. తాము అమ్మే ఆహారం ఏ రకమైనదో ప్రదర్శించమని దుకాణదారులను కోరవచ్చును గాని, యజమానుల, పనివారల పేర్లు ప్రదర్శించి తీరాలని నిర్బంధించరాదన్నది ఆ మధ్యంతర ఉత్తర్వు సారాంశం. ఆహార భద్రత చట్టం కింద అధికారం గలవారు చేయవలసిన పనిని పోలీసులు తమ చేతిలోకి తీసుకోరాదని కూడా న్యాయస్థానం స్పష్టం చేసింది. ధర్మాసనంలో జస్టిస్ హృషీకేశ్ రాయ్‌తోపాటు కూర్చున్నది మన మదనపల్లెకు చెందిన జస్టిస్ ఎస్.వి.ఎన్. భట్టి. వాదనల మధ్య ఆయన తన అనుభవమొకటి చెప్పారు. కేరళలో తానున్న ఊళ్లో రెండు శాకాహార హోటళ్లుండేవి. ఒకటి హిందువుది, మరొకటి ముస్లిముది. ఆ రెండవ హోటలు యజమాని దుబాయిలో ఉండి వచ్చినవాడు, పరిశుభ్రత విషయంలో అంతర్జాతీయ ప్రమాణాలు పాటించేవాడు. కనుక తాను అక్కడికే వెళ్లేవాడినన్నారు. భోజనం చేయబోయే మనిషి సహజంగా ఎక్కడికి ఎందుకు వెళతాడో చెప్పడానికి ఇంతకన్న వేరే ఉదాహరణ అక్కరలేదు. ఊరు కానిచోట ఎవరైనా వెదికేది శుభ్రమైన పళ్లెం, మంచి రుచి, మోయగల ధర.

డబ్బిచ్చి పొరుగిల్లు కాని ఇంట అన్నం తినడం మనకు కొత్త కాదు. కాకతీయుల ఓరుగల్లులో ఒక్క రూకకు భోజనం పెట్టే పూటకూటి ఇంటిని క్రీడాభిరామం వర్ణించింది. గురజాడవారి పూటకూళ్లమ్మను ఎరుగని తెలుగువాడు లేడు. అయితే ఆ పూటకూటి ఇళ్లలో కులం అడగకుండా విస్తరి వేసేవారని ఎవరూ భ్రమపడనవసరం లేదు. దారిన పోయేవాడికి అన్నం దొరకడమూ, ఎవరన్నది అడగకుండా అన్నం దొరకడమూ వేరువేరు సంగతులు. రెండవది మనకు సంప్రదాయంగా రాలేదు, చట్టంగా వచ్చింది.

రాజ్యాంగం పదిహేనవ అధికరణం రెండవ ఖండాన్ని పాఠకులు ఒకసారి తీసి చూడవలసిందిగా మనవి. మతం, జాతి, కులం, స్త్రీ పురుష భేదం, పుట్టిన చోటు అనే కారణాలతో ఏ పౌరునికీ దుకాణాలలో, హోటళ్లలో, ప్రజలకోసం నడిచే భోజనశాలలలో ప్రవేశానికి ఆటంకం కల్పించరాదని అందులో ఉంది. గణతంత్రపు మూలశాసనంలో హోటలు ప్రసక్తి ఎందుకు వచ్చింది? ఆ శాసనాన్ని రచించినవారికి హోటలు గుమ్మం దగ్గర ఏమి జరిగేదో తెలుసు గనుక వచ్చింది. తరువాత 1955లో అస్పృశ్యతా నేరాల చట్టం వచ్చింది. దానినే ఇప్పుడు పౌరహక్కుల పరిరక్షణ చట్టమంటున్నాం. హోటలులోకి రానివ్వకపోవడమే కాదు, అక్కడ అందరికోసం ఉంచిన గిన్నెలు, గ్లాసులు వాడనివ్వకపోవడం కూడా నేరమని అది శాసించింది. గ్లాసుల గురించి పార్లమెంటు చట్టం చేయవలసి వచ్చిన దేశం మనది.

రాజ్యాంగ ముసాయిదా సంఘానికి అధ్యక్షత వహించిన అంబేద్కర్ తన చిన్ననాటి ప్రయాణం ఒకదానిని 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా' అనే రచనలో చెప్పుకున్నారు. 1901 ప్రాంతం. సతారా జిల్లాలో ఉద్యోగం చేస్తున్న తండ్రి దగ్గరకు, పెద్దవాళ్ల తోడు లేకుండా, అన్నతోనూ అక్క కొడుకుతోనూ కలిసి బయలుదేరాడు. మంచి దుస్తులు, చేతిలో భోజనం బుట్ట. మసూర్ స్టేషనులో దిగినప్పుడు స్టేషను మాస్టరు వీరెవరో బ్రాహ్మణ పిల్లలనుకొని ఆదరంగా మాట్లాడాడు. మహార్లమని చెప్పగానే ముఖం మారిపోయింది. బండివాడు రెట్టింపు కిరాయి తీసుకొని, పిల్లలచేతనే బండి తోలించి, తాను పక్కన నడిచాడు. రాత్రి సుంకం వసూలు చేసే గుడిసె దగ్గర ముస్లిములమని చెప్పుకొని మంచినీళ్లడిగినా దొరకలేదు. బుట్టనిండా భోజనముంది, తాగడానికి గుక్కెడు నీళ్లు లేవు. పిల్లలు ఆకలితోనే నిద్రపోయారు. ప్రయాణంలో అన్నం గురించి భారతీయుడు రాసినవాటిలో ఇంతకు మించి గుర్తుంచుకోదగినది ఈ విలేఖరి ఎరుగడు. పేరు చెప్పడమనేది ఈ దేశంలో అమాయకమైన పని కాదని గ్రహించేందుకు కూడా అది చాలును.

నాటి రైల్వే స్టేషన్లలో 'హిందూ పానీ', 'ముసల్మాన్ పానీ' అని కేకలు వేస్తూ వేరువేరు మనుషులు నీళ్లు పోసేవారు. ఫలహారశాలలూ విడివిడిగానే ఉండేవి - దొరలకొకటి, హిందువులకొకటి, మహమ్మదీయులకొకటి. ఒకే ఇంజను లాగే బండిలో, ఒకే బావి నీటికి రెండు మతాలు. స్వాతంత్ర్యంతో ఆ బోర్డులు దిగిపోయాయి. మన కోస్తా పట్టణాలలో 'బ్రాహ్మణ భోజన హోటలు' అన్న బోర్డులు ఆ తరువాత కూడా చాలాకాలం వేలాడినవి. పెద్దవయసు పాఠకులకు జ్ఞాపకముండే ఉంటుంది. మద్రాసు తిరువళ్లిక్కేణిలో మురళీ కెఫే బోర్డు మీది 'బ్రాహ్మణ' అనే మాట తొలగించాలని 1957లో పెరియార్ అనుచరులు నెలల తరబడి ఆందోళన చేశారు, వందలమంది అరెస్టయ్యారు, చివరకు యజమాని ఆ మాట తీసివేశాడు. అప్పుడు బోర్డు మీంచి కులం దించడానికి జనం జైళ్లకు వెళ్లారు. 2024లో బోర్డు మీదికి మతాన్ని ఎక్కించమని పోలీసులే తాఖీదులిచ్చారు. ఇది ముందుకు నడకో వెనక్కు నడకో పాఠకులే నిర్ణయించుకోవచ్చు.

ఉత్తరాదివారిని విమర్శించి మనం చేతులు దులుపుకోవడానికి వీలు లేదనే మాట కూడా ఇక్కడే చెప్పాలి. చట్టం వచ్చి దశాబ్దాలు గడచిన తరువాత కూడా తెలుగు పల్లెల టీ దుకాణాలలో రెండు గ్లాసుల పద్ధతి నడిచింది. దళిత సంఘాలు ఊరూరా పోరాడితే గాని అది తగ్గుముఖం పట్టలేదు. నగరంలో స్టీలు గ్లాసుకు బదులు కాగితపు కప్పు వచ్చింది గనుక ఆ ప్రశ్న కనబడకుండా పోయింది. తీరిపోయిందని ఎవరు చెప్పగలరు?

ఆదేశాన్ని సమర్థించేవారి వాదన కూడా వినదగినదే. వ్రతంలో ఉన్న యాత్రికుడు ఉల్లి, వెల్లుల్లి సైతం ముట్టడు. ఏడాది పొడుగునా మాంసం వండిన వంటింట్లో, ఆ గిన్నెలతోనే చేసిన పప్పు అతనికి పెడితే అది మోసం కాదా? దేవతల పేరు పైన రాసి లోపల మరొకరు వ్యాపారం చేయవచ్చునా? ఆహార భద్రత చట్టం కింద గోడకు తగిలించే లైసెన్సులో యజమాని పేరు ఎలాగూ ఉంటుంది గదా, బయట రాస్తే వచ్చిన నష్టమేమి? - ఇవీ ప్రశ్నలు.

మొదటి ప్రశ్న న్యాయమైనది. వ్రతస్థుడి నమ్మకాన్ని గౌరవించవలసిందే. కాని ఆ గౌరవానికి కావలసిన సమాచారం వంటగదికి సంబంధించినది. ఈ హోటలులో మాంసం వండుతారా, వండరా? ఉల్లి, వెల్లుల్లి వేస్తారా? ఇతర దినాలలో మాంసం వండిన చోటైతే గిన్నెలు వేరా? వీటిని పెద్ద అక్షరాలతో రాయించండి. అబద్ధం రాసినవాడిని, వాడు ఎవరైనా సరే, శిక్షించండి. పొట్లాం కట్టిన ఆహారం మీద ఆకుపచ్చ చుక్క చూసి కొనడం దేశం ఎప్పుడో నేర్చుకుంది. ఆ చుక్క కింద కర్మాగారంలో పనిచేసినవారి పేర్లు రాయమని ఎవరూ కోరలేదు. ఉల్లి వెల్లుల్లి లేని భోజనం పెట్టే ముస్లిము ఉండగలడు, మాంసం వండి అమ్మే హిందువు ఊరూరా ఉన్నాడు. పేరు చదివి పప్పు గుణం తెలుసుకోవడం జ్యోతిషం కాగలదేమో గాని ఆహారశాస్త్రం కాజాలదు.

లైసెన్సు సంగతి వేరు. తప్పు జరిగితే జవాబుదారీ ఎవరో తెలియడానికి లైసెన్సులో పేరుంటుంది. ఫిర్యాదు చేయదలచినవాడు లోపలికి వెళ్లి చదువుకుంటాడు. రోడ్డున పోయేవాడు ఆగాలో అక్కరలేదో నిర్ణయించుకోవడానికి బయట రాయించే పేరుకు ఆ ప్రయోజనం లేదు. పైగా లైసెన్సు యజమానిది. రొట్టెలు కాల్చే కుర్రవాడి పేరు ఏ చట్టం అడిగింది?

2025లో ప్రభుత్వం పద్ధతి మార్చింది. పేర్ల బోర్డులకు బదులు క్యూఆర్ కోడు అంటించమన్నది. ఫోనుతో దానిని చూస్తే దుకాణం వివరాలు వస్తాయి. ఇది పాత ఆదేశానికే కొత్త వేషమని పిటిషనుదారులు మళ్లీ సుప్రీంకోర్టును ఆశ్రయించారు. ఆ జూలై 22న విచారణకు వచ్చేసరికి యాత్ర ముగింపుకు వచ్చింది. హోటలు యజమానులందరూ చట్టప్రకారం లైసెన్సు, రిజిస్ట్రేషన్ పత్రాలు ప్రదర్శించాలని మాత్రం చెప్పి, మిగిలిన అంశాల జోలికి తాము పోవడం లేదని జస్టిస్ ఎం.ఎం. సుందరేశ్ నాయకత్వాన ధర్మాసనం పేర్కొన్నది. యాత్ర కోసం మాత్రమే శాకాహారానికి మారిన హోటలు సంగతి తినేవాడికి తెలియాలి గదా అన్న అభిప్రాయం కూడా వాదనల సందర్భంగా ధర్మాసనం నుంచి వెలువడింది. అది సరైన ప్రశ్నే. దానికి జవాబు మాత్రం మెనూకార్డులో ఉంది.

ఈ రెండేళ్ల వ్యవహారంలో నష్టపోయినవారెవరో వేరే చెప్పాలా? పెద్ద హోటళ్లకు పేర్లు కంపెనీలవి. కంపెనీకి మతం లేదు. దెబ్బ తగిలింది ఢాబాలో గిన్నెలు కడిగేవాడికి, రొట్టెలు కాల్చేవాడికి. 2024 ఆదేశం వెలువడ్డాక కొందరు హిందూ యజమానులే, గొడవలెందుకని, ముస్లిము పనివాళ్లను యాత్ర అయ్యేదాకా రావద్దన్నారని ఆనాటి వార్తలలో వచ్చింది. ఆ దారిలో యాత్రాకాలమే నాలుగు డబ్బులు కళ్లజూసే కాలం. శ్రావణంలో కూలి పోయినవాడికి ఆశ్వయుజంలో న్యాయం జరిగినా ఏమి లాభం?

పేర్ల మీద ఈ పట్టుదల ఒక్క కావడి దారికే పరిమితమైతే ఇంత రాయవలసిన పని లేదు. 2025 మేలో, పాకిస్తాన్‌తో సైనిక ఘర్షణ సాగుతున్న దినాలలో, శంషాబాద్‌లో కరాచీ బేకరీ శాఖ మీద కొందరు దాడి చేసి బోర్డును ధ్వంసం చేశారు. హైదరాబాదు నుంచి ఢిల్లీ వచ్చే ప్రతి రెండవ తెలుగువాడి సంచిలో ఉండే పండ్ల బిస్కట్లు ఆ బేకరీవి. 1953లో దానిని స్థాపించిన ఖాన్‌చంద్ రాంనానీ, విభజన సమయంలో సింధు వదిలి వచ్చిన హిందూ శరణార్థి. పోగొట్టుకున్న ఊరి పేరును దుకాణానికి పెట్టుకున్న మనిషి మీద దేశభక్తి చూపించారు మనవాళ్లు. అదే నెలలో జైపూరులో ఒక మిఠాయి దుకాణం మైసూర్ పాక్ పేరును 'మైసూర్ శ్రీ'గా మార్చింది. ఆ పాక్ పాకిస్తాన్ కాదు, మన పాకమే. పంచదార ముదిరితే తీగలు సాగే పాకం. మైసూరు రాజుగారి వంటవాడు కాకాసుర మాదప్ప ఈ సంగతి విని ఉంటే గరిటె కింద పడేసి ఉండేవాడు.

పేర్లు తుడిచివేయడం మొదలుపెడితే ఈ రాజధానిలో తినడానికి మిగిలేది తక్కువ. జామా మసీదు సందులోని కరీం హోటలు 1913 నాటిది. దరియాగంజ్‌లో మోతీ మహల్‌ను నెలకొల్పిన కుందన్‌లాల్ గుజ్రాల్ పెషావరు నుంచి కట్టుబట్టలతో వచ్చిన శరణార్థులలో ఒకరు. ఢిల్లీకి తందూరీ కోడిని అలవాటు చేసింది ఆ తరమే. వెన్న వేసిన కోడికూరను మా తాతే కనిపెట్టాడంటే మా తాతే కనిపెట్టాడని ఆనాటి భాగస్వాముల వారసులు 2024 నుంచి ఢిల్లీ హైకోర్టులో వాదులాడుకుంటున్నారు. ఆ తాతలిద్దరూ పెషావరు వారే. మజ్నూ కా టీలాలో టిబెట్ శరణార్థుల మోమోలు, చిత్తరంజన్ పార్కులో తూర్పు బెంగాల్ నుంచి వచ్చినవారి చేపల బజారు. ఇల్లు పోగొట్టుకున్నవారందరూ తలా ఒక పొయ్యి పెట్టుకుంటే తయారైన నగరమిది.

అశోకా రోడ్డులో ఆంధ్రభవన్ క్యాంటీను దగ్గర ఆదివారం మధ్యాహ్నం బిరియానీ కోసం నిలబడే వరుసను చూసినవారికి ఈ విలేఖరి చెప్పేది సులభంగా అర్థమవుతుంది. ఆ వరుసలో పంజాబీలుంటారు, బీహారీలుంటారు, ఈశాన్య రాష్ట్రాల విద్యార్థులుంటారు. గోంగూర పచ్చడి పేరు పలకలేకపోయినా రెండోసారి వేయించుకుంటారు. రాష్ట్రం 2014లో రెండయింది, భవనం ఆస్తుల పంపకానికి మరో పదేళ్లు పట్టింది. పప్పు, నెయ్యి, కారప్పొడి విషయంలో మాత్రం అక్కడ ఎవరూ వాటాలడగలేదు. వండినవాడు గుంటూరువాడా, వరంగల్లువాడా, ఏ కులంవాడు అన్న విచారణ ఆ వరుసలో ఎన్నడూ వినబడలేదు. పరాయి రాష్ట్రంలో మన వంటకు దొరికిన ఈ మర్యాదను, మనం పరాయి ఊరు వెళ్లినప్పుడు అక్కడి వంటకు ఇవ్వడం న్యాయం.

ప్రభుత్వాలకు నిజంగా యాత్రికుడి క్షేమం మీద శ్రద్ధ ఉన్నట్లయితే చేయవలసిన పని చేతినిండా ఉంది. పండుగల ముందు పశ్చిమ ఉత్తరప్రదేశ్‌లో కల్తీ ఖోవా, కల్తీ పనీరు పట్టుబడిన వార్త రాని సంవత్సరం లేదు. మరిగించిన నూనెనే మళ్లీ మళ్లీ మరిగించి పూరీలు వేయించే బాణలి ఎవరిదైనా ప్రమాదమే. దానిని పరీక్షించవలసిన ఆహార తనిఖీ అధికారి పోలీసు ఠాణాలో ఉండడు. తోపుడు బండ్లవారి కోసం 2014లో పార్లమెంటు చేసిన వీధి వ్యాపారుల చట్టం ప్రతి పట్టణంలోనూ ఒక కమిటీ ఉండాలన్నది, అందులో నూటికి నలభైమందికి తగ్గకుండా వీధి వ్యాపారులే ఉండాలన్నది. ఆ కమిటీని సమావేశపరచి, బండ్లకు మంచినీటి కుళాయిలు, చెత్తబుట్టలు, రాత్రివేళ దీపాలు ఎక్కడెక్కడ కావాలో అడిగిన జిల్లా అధికారులెందరో ముందు లెక్క తేల్చవచ్చు. సుప్రీంకోర్టు లైసెన్సు పత్రాలు చూపమన్నది గనుక, వచ్చే శ్రావణానికి ముందే ఆ పత్రాలు లేని ఢాబాలకు, మతం చూడకుండా, శిబిరాలు పెట్టి అక్కడికక్కడే ఇవ్వవచ్చు. వాటి పక్కనే నేటి ధరల పట్టీ కూడా తగిలించమంటే, దారి తెలియని దక్షిణాది యాత్రికుడు ఒక్కొక్కచోట పరోటాకు రెట్టింపు చెల్లించే బాధ కూడా తప్పుతుంది.